సీనరీలో మన ఊరేదీ?

హోటల్ గోడ మీద స్విట్జర్లాండ్. కటింగ్ షాపులో కాశ్మీర్. స్టూడియో పరదా మీద ఎక్కడిదో తెలియని సరస్సు, అందులో రెండు హంసలు. మరి ఏటా నీళ్ళలో మునిగి తేలే గుడి, నల్లరేగడి మీద పరుచుకున్న శనగ చేలు, నాలుగు దిక్కులకూ పారే కృష్ణమ్మ... ఇవన్నీ ఏ గోడ మీద ఉన్నాయి? జూపాడు బంగ్లా దారిలో వెతుక్కుంటూ వెళితే చాలా సంగతులే బయటపడతాయి.

కర్నూలులో ఆత్మకూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే సినిమా మొదలైనట్టే. ఊరు దాటగానే రోడ్డుకు రెండువైపులా చేలు. కాలాన్ని బట్టి రంగు మారుతుంటుంది. కాలవ కింద వరి పచ్చగా, రేగడి మీద జొన్న ఎత్తుగా, శనగ నేలబారుగా, ఎండాకాలంలో నెర్రెలిచ్చిన నల్లమట్టి. నందికొట్కూరు దాటి కాసేపు ప్రయాణిస్తే జూపాడు బంగ్లా వస్తుంది. ఊరి పేరులోనే బంగ్లా! అక్కడి నుంచి తూర్పుగా ఆత్మకూరు వైపు సాగుతుంటే నల్లమల కొండలు నీలం గీతలా మొదలై, దగ్గరకొచ్చేకొద్దీ పచ్చబడుతూ ఆకాశాన్ని సగం కప్పేస్తాయి.

ఇంత అందం దాటి వచ్చి, బస్టాండు పక్క హోటల్లో టీ తాగుతూ గోడవైపు చూస్తే ఏముంటుంది? మంచుకొండ. దాని కింద ఎర్ర పెంకుల ఇల్లు, ముందు పూలతోట. రాయలసీమలో ఏ పల్లెలో అడిగినా దాని పేరు ఒక్కటే... సీనరీ!

తెలుగువాళ్ళకు సీనరీ అంటే ఇంట్లో, దుకాణంలో గోడకు తగిలించుకునే కొండాకోనల బొమ్మ. పెళ్ళిళ్ళకు బహుమతిగా ఇచ్చేది అదే. జాతరల్లో కొనుక్కొచ్చేదీ అదే. స్విచ్చి వేస్తే వెనక దీపం వెలిగి జలపాతం దూకుతున్నట్టు కనిపించే ఫ్రేములు ఒకప్పుడు ఇంటికే గొప్ప. ఆ జలపాతం ఏ దేశానిదో కొన్నవారికీ తెలియదు, అమ్మినవారికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ అనిపించలేదు కూడా. సీనరీ అంటే ఎక్కడో ఉండేదని, ఇక్కడ ఉండేది మామూలు చేను, మామూలు కాలవ అని అందరికీ ఓ గట్టి నమ్మకం.

పరదా వెనక ఊరు

ఆ నమ్మకాన్ని పెంచి పోషించింది ఫొటో స్టూడియోలే. మండల కేంద్రాల్లో స్టూడియో అంటే ఓ చీకటి గది, రెండు గొడుగు లైట్లు, దువ్వెన, పౌడరు డబ్బా, వెనక ఓ పరదా. పరదా మీద చేత్తో వేసిన మెట్లు, స్తంభాలు, చంద్రుడు, చెరువు. కొత్త జంట వచ్చినా, బడికెళ్ళే పిల్లాడు వచ్చినా ఆ చెరువు ముందే నిలబడాలి.

"అన్నా, ఆ మంచుకొండల పరదా ఎయ్యి."

"అది పెండ్లి జంటలకు లేప్పా. నీకు తోట పరదా బాగుంటాది."

ఇలాంటి మాటలు వినపడని స్టూడియో సీమలో ఉండేది కాదు. తర్వాత చేతి బొమ్మల పరదాలు పోయి, అచ్చు వేసిన ఫ్లెక్సీ పరదాలు వచ్చాయి. అవీ పోయి కంప్యూటర్లో వెనక బొమ్మ మార్చే రోజులొచ్చాయి. ఇంతగా మారినా వెనక కొండ మాత్రం మన కొండ కాలేదు. స్టూడియో తలుపు తీసుకుని నాలుగడుగులు బయటికొస్తే నల్లమల కనిపించే ఊళ్ళలో కూడా పరదా మీద ఆల్ప్స్ పర్వతాలే!

అయితే అదే స్టూడియోలకు ఇంకో ముఖం ఉంది. వీధివైపు అద్దాల బీరువా. అందులో పెద్ద సైజు ఫొటోలు కొన్ని పెట్టేవారు. ఎక్కువగా పెళ్ళికూతుళ్ళు, బోసినవ్వుల పసిపాపలు. వాటి మధ్య ఎప్పుడైనా ఒకటి... పొద్దుగూకే వేళ ఎద్దులబండి, మంచులో తాటిచెట్టు, కాలవ గట్టు మీద కొంగలు. దాన్ని ఎవరూ డబ్బులిచ్చి తీయించుకోరు. స్టూడియో యజమాని తన సరదా కోసం తీసుకుని, తన పనితనం నలుగురికీ తెలియాలని పెట్టుకున్నది. టికెట్టు లేదు, వేళలు లేవు. దారిన పోయేవారంతా ప్రేక్షకులే. ఆర్టు గ్యాలరీ అన్న మాట వినని ఊళ్ళకు నిజానికి ఆ అద్దాల బీరువాయే గ్యాలరీ.

నీళ్ళు రాసే బొమ్మ

జూపాడు బంగ్లా చుట్టుపక్కల కెమెరా పట్టుకున్నవారికి ఉన్న అదృష్టం, కష్టం రెండూ నీళ్ళే. ఈ నేల రూపురేఖల్ని నీళ్ళు ఏటా చెరిపి మళ్ళీ రాస్తుంటాయి.

మొదట వచ్చింది కేసీ కెనాల్. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా సాగే ఈ కాలవను మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1863లో తవ్వడం మొదలెట్టి 1871 నాటికి పూర్తిచేసింది. అప్పట్లో దాని మీద పడవలు కూడా నడిచేవి. కంపెనీకి లాభం రాలేదు. 1882లో ప్రభుత్వమే కాలవను తీసేసుకుంది. కరవుకు పేరుపడ్డ సీమలో వరి మళ్ళు అద్దంలా మెరిసే దృశ్యం ఆ కాలవ పుణ్యమే.

తర్వాతది పోతిరెడ్డిపాడు. పేపర్లలో, అసెంబ్లీల్లో, రెండు రాష్ట్రాల కృష్ణా నీళ్ళ పంచాయితీలో ఎన్నోసార్లు వినపడిన ఈ పేరు జూపాడు బంగ్లా మండలంలోని ఓ పల్లెటూరిదే. శ్రీశైలం జలాశయం నుంచి సీమకు నీళ్ళు వదిలే తూములు ఇక్కడున్నాయి. మొదట కట్టిన తూముల సామర్థ్యం 11 వేల క్యూసెక్కుల పైచిలుకు. దాన్ని 44 వేలకు పెంచాలని 2005లో ప్రభుత్వం నిర్ణయించింది. పాత తూముల పక్కనే కొత్తవి లేచాయి. ఇక్కడ బయల్దేరిన నీళ్ళు పదహారు కిలోమీటర్లు నడిచి బనకచర్ల చేరతాయి. అక్కడ విడిపోయి ఒక పాయ తెలుగుగంగగా వెలుగోడు మీదుగా చెన్నై దాహం తీర్చడానికి పోతుంది. ఒకటి శ్రీశైలం కుడికాలవగా అవుకు వైపు సాగుతుంది. మరొకటి కేసీ కెనాల్‌కు ఊపిరి పోస్తుంది.

గేట్లు ఎత్తే రోజు చూడాలి. ఎర్రటి నీళ్ళు తెల్లటి నురగై లేస్తుంటే చుట్టుపక్కల పల్లెల నుంచి జనం ట్రాక్టర్లలో, బైకుల మీద వచ్చేస్తారు. మర్నాడు పేపర్లో ఆ ఫొటో ఉండాల్సిందే. ఆ ఒక్క బొమ్మ కోసం ఏ గట్టు మీద నిలబడాలో, ఏ పొద్దులో నురగ మీద వెలుగు పడుతుందో స్థానిక విలేకరులకు, ఫొటోగ్రాఫర్లకు తెలిసినంతగా పైనుంచి వచ్చినవారికి తెలియదు. రేగడి నేల ఫొటో తీయడం కూడా అంత తేలికేం కాదు. నల్లమట్టి వెలుగును మింగేస్తుంది, ఆకాశం కళ్ళు మిరుమిట్లు గొలుపుతుంది. మట్టి కనబడేలా తీస్తే మబ్బులు మాయమవుతాయి. మబ్బుల కోసం చూస్తే నేల మసిబొగ్గవుతుంది. అందుకే పొద్దు పొడిచిన గంట, పొద్దు కుంగే ముందు గంట... ఆ రెండు గంటలే ఇక్కడి కెమెరాకు పండగ.

మునిగి తేలే దేవుడు

ఈ ప్రాంతపు సీనరీల్లో అన్నింటికన్నా పేరుపడింది సంగమేశ్వరం. పక్కనే కొత్తపల్లి మండలంలో ఉంటుంది. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి... ఏడు నదులు కలిసేచోటు కాబట్టి సప్తనదీ సంగమం అంటారు. వీటిలో భవనాశి ఒక్కటే మగపేరున్న నది అని చెప్పుకుంటారు. ఇక్కడి లింగం రాతిది కాదు, వేపమొద్దుది. లింగం తేవడానికి వెళ్ళిన భీముడు ముహూర్తానికి రాకపోయేసరికి ధర్మరాజు వేపమొద్దునే ప్రతిష్ఠించాడని స్థలపురాణం.

శ్రీశైలం డ్యాం కట్టాక గుడి జలాశయంలో మునిగిపోయింది. ఇరవై ఏళ్ళకు పైగా ఎవరికీ కనిపించలేదు. 2003లో నీటిమట్టం బాగా తగ్గడంతో బయటపడింది. అప్పటి నుంచి చాలా ఏళ్ళుగా ఇదే వరస. ఎండలు ముదిరి నీళ్ళు తగ్గుతుంటే మొదట శిఖరం తేలుతుంది. తర్వాత గోడలు, ఆ తర్వాత మోకాలి లోతు బురదతో గర్భగుడి. జనం బురద ఎత్తిపోసి పూజలు మొదలెడతారు. నాలుగు నెలలు గడిచీ గడవకముందే వరద వచ్చేస్తుంది. పూజారి చివరి హారతి ఇచ్చి గట్టెక్కుతారు. ఎనిమిది నెలలు స్వామి మళ్ళీ గంగలోనే. కొన్ని ఏడాదులు నీళ్ళు తగ్గకపోతే దర్శనమే ఉండదు.

ఇలాంటి గుడిని ఒక్కరోజు వచ్చి ఫొటో తీసుకుపోతే దొరికేది ఒక్క రూపమే. శిఖరం మీద పక్షి వాలిన రోజు, గోడల చుట్టూ నీళ్ళు అంగుళం అంగుళం దిగిన రోజులు, బురదలో తొలి దీపం పెట్టిన సాయంత్రం, తిరిగి నీళ్ళు గడప దాటిన తెల్లవారుజాము... ఇవన్నీ వరసగా దొరకాలంటే పక్క ఊళ్ళో కాపురం ఉండాలి. నీళ్ళు ఎంత దిగాయో రోజూ ఎవరినో ఒకరిని అడుగుతుండాలి. స్థానిక ఫొటోగ్రాఫర్ల బలం అదే. ఖరీదైన లెన్సు లేకపోవచ్చు గానీ కాచుకుని కూర్చునే ఓపిక ఉంది, బైకు మీద అరగంటలో చేరుకునే దూరం ఉంది.

సంగమేశ్వరం పేరు రాష్ట్రమంతా పాకింది కూడా ఆ ఫొటోలతోనే. జిల్లా ఎడిషన్లలో అచ్చయిన బొమ్మ టీ హోటళ్ళలో చేతులు మారి, చదవడం రానివారు కూడా "ఇది మన సంగమేశ్వరమే గదప్పా!" అని వేలు పెట్టి చూపించేవరకూ వెళ్ళింది. తర్వాత ఫోన్లు వచ్చాయి. ఇప్పుడు శిఖరం తేలిందంటే సాయంత్రానికి అందరి ఫోన్లలో స్టేటస్ అదే!

ఫొటోలోనే మిగిలిన పక్షి

నందికొట్కూరుకు దగ్గర్లోనే మిడుతూరు మండలంలో రోళ్ళపాడు ఉంది. గడ్డిమైదానం తప్ప మరేమీ లేని చోటని చాలామంది దాటి వెళ్ళిపోతారు. ఆ గడ్డిలోనే ఒకప్పుడు బట్టమేక పిట్ట తిరిగేది. మీటరు ఎత్తు, పెద్ద మగపక్షైతే 15 కిలోల దాకా బరువు. ఎగరగలిగే పక్షుల్లో అత్యంత బరువైన వాటిలో ఇదొకటి. ఈ పక్షులు ఇక్కడున్నాయని 1979-80 ప్రాంతంలో బయటి లోకానికి తెలిసింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి మకాం వేసి పరిశోధన చేశారు. 1988లో 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు.

బట్టమేక సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ నేల మీద. చుట్టూ జొన్న, ఆరిక, గడ్డి ఉన్నంతకాలం దానికి ఇబ్బంది లేదు. కాలవ నీళ్ళు వచ్చి పంటలు మారాయి, పొలాలు దగ్గరకొచ్చాయి, మనుషుల సందడి పెరిగింది. పక్షులు తగ్గుతూ తగ్గుతూ చివరికి కనిపించడం మానేశాయి. దేశం మొత్తమ్మీద ఇప్పుడు మిగిలినవి రెండు వందలకు లోపే, అవీ ఎక్కువ రాజస్థాన్ ఎడారిలో. రోళ్ళపాడులో కృష్ణజింకలు ఇంకా గెంతుతున్నాయి. చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే గడ్డి గద్దలు ఇప్పటికీ మైదానంలో రాత్రి మకాం వేస్తాయి. బట్టమేకను మాత్రం రోళ్ళపాడు పిల్లలు ఫొటోలో చూడాల్సిందే.

ఆ ఫొటో లేకపోతే? తాత చెప్పే కథను మనవడు నమ్మడు. ఇంత ఎత్తు పక్షి, మెడ చాచి దర్జాగా నడిచేదంటే 'ఊరికే చెప్తున్నావులే తాతా' అంటాడు. ఫొటోకు ఇంత విలువ ఉందని పక్షి ఉన్నప్పుడు ఎవరికీ తట్టదు.

ఫొటో లేని ఊళ్ళు

పక్షి సంగతి అలా ఉంచితే, అసలు ఊళ్ళకే ఫొటోలు లేవు.

శ్రీశైలం జలాశయం నిండినప్పుడు, 1980ల మొదట్లో, కృష్ణకు అటూ ఇటూ దాదాపు వంద ఊళ్ళు నీట మునిగాయి. కర్నూలు జిల్లావైపు నందికొట్కూరు, ఆత్మకూరు తాలూకాల్లోని ఊళ్ళు అందులో ఎన్నో. లక్షమంది దాకా ఇల్లూవాకిలీ వదిలి గట్టెక్కారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం లాంటి పాత గుళ్ళను రాయి రాయి విప్పి అలంపురం తరలించి మళ్ళీ పేర్చారు. దేవుళ్ళకు ఆ భాగ్యమైనా దక్కింది. మనుషులు బతికిన వీధులు, రచ్చబండలు, చావిళ్ళు, ఏటి ఒడ్డు తోటలు అలాగే నీళ్ళ అడుగుకు వెళ్ళిపోయాయి.

అప్పట్లో పల్లెల్లో కెమెరా ఎవరికుంది? పెళ్ళికో, తిరునాళ్ళకో పట్నం స్టూడియో వారు వస్తే అదే ఎక్కువ. తీసిన ఆ రెండు ఫొటోల్లోనూ మనుషులే నిటారుగా నిలబడి ఉంటారు. వెనకున్న వీధి ఎవరికీ పట్టదు. అందుకే మునిగిన ఊళ్ళవారి ఇళ్ళల్లో ఈరోజు వెతికితే తాతల ఫొటోలు దొరుకుతాయేమో గానీ ఊరి ఫొటో దొరకడం గగనం. నడివేసవిలో నీళ్ళు బాగా తగ్గినప్పుడు పాత గోడల మొదళ్ళు అక్కడక్కడా బయటపడతాయి. పెద్దవాళ్ళు వెళ్ళి "ఇదిగో, ఇక్కడే మన గడప" అని చూపిస్తుంటారు. చూపించేవారు ఉన్నంతకాలమే ఆ గడప.

ఇదే దారిలో 1830లో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రకు వెళ్ళారు. మద్రాసు నుంచి బయల్దేరి అహోబిలం, ఆత్మకూరు, శ్రీశైలం మీదుగా సాగిన ఆయన దారిలోని ఊళ్ళను, నీళ్ళను, అంగళ్ళను అక్షరాల్లో పెట్టారు. ఫొటో తీసే విద్యను ఫ్రాన్సు ప్రభుత్వం లోకానికి వెల్లడించింది 1839 ఆగస్టు 19న. ఆ తేదీనే ఇప్పుడు ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అంటే వీరాస్వామయ్య దాటి వెళ్ళిన తొమ్మిదేళ్ళకు! కెమెరా పుట్టకముందు ఓ యాత్రికుడు రాసిపెట్టిన దారి నిలిచింది. కెమెరా పుట్టి 140 ఏళ్ళయ్యాక మునిగిన ఊళ్ళు నిలవలేదు.

గోడలే గ్యాలరీలైతే...

మరి ఇప్పుడు కెమెరాకు కొదవ లేదు. ప్రతి జేబులో ఒకటుంది. సంగమేశ్వరానికి, కొలనుభారతికి, పోతిరెడ్డిపాడుకు వెళ్ళొచ్చిన ప్రతి కుర్రాడి దగ్గరా వందల ఫొటోలుంటాయి. అవి నలుగురూ నడిచే చోట కనిపిస్తున్నాయా అన్నదే ప్రశ్న.

ఫోన్లో స్టేటస్ ఒక్కరోజు ఉంటుంది. అదీ నంబరు ఉన్నవారికే. ఫోను పోతే ఫొటో పోయినట్టే. గోడకెక్కిన ఫొటో సంగతి వేరు. బస్సు కోసం నిలబడ్డ ముసలమ్మ చూస్తుంది. సంతకు వచ్చిన రైతు చూస్తాడు. పక్క జిల్లా నుంచి శ్రీశైలం పోతున్న భక్తుడు చూసి "ఇదెక్కడ?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నతోనే ఊరికి యాత్రికుడు వస్తాడు.

ఈ సంగతి ఇతర దేశాల వాళ్ళు ఎప్పుడో పసిగట్టారు. న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్లో కొడాక్ కంపెనీ 1950 నుంచి 1990 వరకు 18 అడుగుల ఎత్తు, 60 అడుగుల పొడవున్న ఫొటోలు పెట్టింది. వెనక నుంచి దీపాలు వెలుగుతుంటే కొండలు, లోయలు, సముద్ర తీరాలు నిజంగా అక్కడున్నట్టే ఉండేవి. నలభై ఏళ్ళలో మొత్తం 565 ఫొటోలు మారాయి. రైలుకు పరిగెత్తేవారు కూడా ఓ క్షణం తలెత్తేవారు. పారిస్‌లో లక్సెంబర్గ్ తోట చుట్టూ ఉన్న ఇనుప కంచెకు 2000లో యాన్ ఆర్తస్-బెర్‌ట్రాండ్ ఆకాశం నుంచి తీసిన భూమి ఫొటోలు తగిలించారు. కంచె లోపలికి వెళ్ళక్కర్లేదు, టికెట్టు అక్కర్లేదు. పగలూ రాత్రీ జనమే జనం.

మన దగ్గరా ప్రయత్నాలు లేకపోలేదు. హైదరాబాద్‌లో 2015లో మొదలైన ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్ మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ వేదికగా దేశవిదేశాల ఫొటోలను జనం ముందుకు తెచ్చింది. వరంగల్‌కు చెందిన గుడిమళ్ళ భరత్ భూషణ్ తన ప్రాంతపు పల్లెల్ని, బతుకమ్మల్ని, పాత ఇళ్ళ గోడల్ని, తలుపుల్ని దశాబ్దాలపాటు ఫొటోలు తీసి ప్రదర్శనలు పెట్టారు. క్యాన్సర్‌తో పోరాడుతూ కూడా కెమెరా దించని ఆయన 2022 జనవరిలో కన్నుమూశారు. ఆయన ఫొటోల్లోని ఎన్నో మట్టిగోడలు ఇప్పుడు లేవు. వాటిని తీస్తున్నప్పుడు 'ఈ గోడలో ఏముందని సారూ' అనుకున్నవారే తర్వాత ప్రదర్శనలో నిలబడి కళ్ళార్పకుండా చూసుంటారు.

అయితే ఇవన్నీ రాజధానిలోనో పెద్ద నగరాల్లోనో జరిగేవి. జూపాడు బంగ్లా మనిషి హైదరాబాద్ గ్యాలరీకి వెళ్ళి తన కాలవ బొమ్మ చూడలేడు. చూడాల్సిన అవసరమూ లేదు. అతను రోజూ నిలబడే చోట గోడలున్నాయి. బస్టాండు, మండల ఆఫీసు, బడి, గ్రంథాలయం, ఆసుపత్రి వరండా. వాటి మీద ఇప్పుడున్నవి నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు, బోరుబావుల ప్రకటనలు. ఒక్క గోడ ఖాళీ చేస్తే చాలు.

గోడకెక్కించడమూ ఓ విద్యే

ఫొటో తీయడం ఒక ఎత్తు, ఎండకూ వానకూ నిలిచేలా అచ్చు వేయడం ఇంకో ఎత్తు. సీమ ఎండకు మామూలు ఫ్లెక్సీ ఒకటి రెండేళ్ళలో వెలిసిపోతుంది. మొదట ఎరుపు, పసుపు పోయి మనుషులు నీలంగా మిగులుతారు. పాత కలర్ ఫొటోలది ఇంకో గొడవ. 1980ల నాటివి ఇప్పుడు తీసి చూస్తే చాలావరకు ఎర్రబారి ఉంటాయి. అంతకుముందు తాతల కాలంలో వెండి పూత కాగితం మీద తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫొటోలే ఇప్పటికీ కళగా ఉన్నాయి. నీడపట్టున వరండాలో, నీళ్ళు కారని గోడ మీద, అద్దం బిగించి పెడితే మంచి కాగితం మీది ఫొటో దశాబ్దాలు నిలుస్తుంది. ఆరుబయటైతే పింగాణీ పలకల మీద అచ్చువేసే పద్ధతి ఉంది. అది ఎండకు అంత తొందరగా లొంగదు.

ఫొటో కింద రెండు ముక్కలు రాయడం మరచిపోకూడదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారు. ఈ మూడూ లేకపోతే పాతికేళ్ళకు అది కూడా ఏ దేశానిదో తెలియని సీనరీ అయిపోతుంది.

ఇందులో జాగ్రత్తలూ ఉన్నాయి. కడప జిల్లా గండికోట ఒకప్పుడు చరిత్ర చదివినవారికే తెలుసు. పెన్నా లోయ ఫొటోలు ఇంటర్నెట్‌లో తిరగడం మొదలయ్యాక జనం వెల్లువెత్తారు. ఊరికి నాలుగు డబ్బులొచ్చాయి, వెంటే ప్లాస్టిక్ సీసాలూ వచ్చాయి. అంచున నిలబడి సెల్ఫీ దిగే ప్రమాదమూ వచ్చింది. రోళ్ళపాడు లాంటి చోట్ల గూటి దగ్గరకు కెమెరా పట్టుకుని వెళితే మిగిలిన పక్షులూ పారిపోతాయి. ఎంత దూరంలో ఆగాలో కూడా ఇక్కడివారికే తెలియాలి, వచ్చినవారికి చెప్పాలి.

ఇలా వెళ్ళొచ్చు

2022 ఏప్రిల్ వరకు కర్నూలు జిల్లాలో ఉన్న జూపాడు బంగ్లా ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు వెళ్ళే బస్సులన్నీ ఈ దారినే పోతాయి. కర్నూలు నుంచి గంటకు కాస్త ఎక్కువ ప్రయాణం. సంగమేశ్వరం గుడి చూడాలంటే మార్చి నుంచి జులై మధ్య, అదీ నీళ్ళు దిగాయో లేదో ముందే కనుక్కుని బయల్దేరాలి. పోతిరెడ్డిపాడు గేట్ల జోరు వానాకాలం వరదల్లో. శనగ, జొన్న చేల అందాలకు, రోళ్ళపాడు గద్దలకు డిసెంబరు, జనవరి మంచి నెలలు. కొత్తపల్లి మండలంలోనే అడవి అంచున కొలనుభారతి ఉంది. వాగు పక్కన సరస్వతీదేవి గుడి, పాత శివాలయాలు, చుట్టూ నల్లమల. కెమెరా ఉన్నవారు అక్కడ ఓ పూట ఎక్కువ ఉంచుకోవడం మేలు.

ఇవన్నీ చూసి తిరుగు బస్సు కోసం ఎదురుచూస్తూ ఎవరైనా టీ హోటల్లో కూర్చుంటే, గోడ మీద ఆ మంచుకొండ ఇంకా అలాగే ఉంటుంది. ఎర్ర పెంకుల ఇల్లు, పూలతోట. పొగకు కాస్త నల్లబడి ఉంటుందంతే. దాన్నెవరూ తీసేయనక్కర్లేదు, ఏళ్ళుగా ఉన్న చుట్టమే. దాని పక్కన ఇంకో మేకుకు చోటుంది. సంగమేశ్వరం శిఖరం తేలిన తెల్లవారుజామో, గేట్లెత్తిన సాయంత్రమో అక్కడ తగిలిస్తే చాలు. చూసినవారు ఇక ఆ సీనరీ ఏ దేశానిదని అడగరు. ఆ రోజు తాము ఆ గట్టు మీద ఎక్కడ నిలబడ్డారో వేలు పెట్టి చూపిస్తారు.